గట్టు మీది దస్తూరి

మా ఆడపడుచు మనవరాలి పుట్టినరోజని బంజారా హిల్స్‌లో ఒక హోటలుకు తీసుకెళ్లారు. ఈ మధ్య ఇలాంటి హోటళ్లలో గోడలకు ఏదో ఒకటి తగిలించకపోతే అన్నం అరగదు కాబోలు. ఒకచోట పాత సైకిళ్లు వేలాడదీస్తారు, ఇంకోచోట లాంతర్లు. ఇక్కడ గ్రామఫోన్ ప్లేట్లు. చిన్నవీ పెద్దవీ కలిపి గోడ నిండా మేకులతో బిగించేశారు. పిల్లలు ఏం తెప్పించుకోవాలో తేల్చుకునేలోపు నేను ఊరికే వాటి వంక చూస్తూ కూర్చున్నాను. మూడో వరసలో ఒక చిన్న ప్లేటు. మధ్యలో ఎర్ర కాగితం, దాని మీద ఇంగ్లీషులో ఏదో కంపెనీ పేరు. ఆ పేరు కింద నీలం బాల్‌పెన్నుతో ఒక తెలుగు అక్షరం ఉంది. న.

లేచి దగ్గరికెళ్లి, కళ్లజోడు సర్దుకొని చూశాను. సందేహం లేదు. తలకట్టును కాస్త ఎక్కువ దూరం లాగి, చివర్లో చిన్న కొక్కెం తిప్పే ఆ రాత ఈ ఊళ్లో ఒక్కరిదే.

“ఏంటత్తయ్యా, ఏమైనా దొరికిందా?” అంది మా కోడలు.

“దొంగ దొరికాడమ్మా” అన్నాను.

ఆ అక్షరం రాసినాయన పోయి నాలుగు నెలలైంది. ఉండి ఈ గోడను చూస్తే ఏమనేవాడో నాకు తెలుసు. “మంచిగైందమ్మా, దొంగలను తీస్కపోయి గోడకు కొట్టిన్రు” అని పొట్ట పట్టుకొని నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తిండి వచ్చేదాకా ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాను. ఏసీ పడలేదేమోనని మా కోడలు చున్నీ తీసి నా భుజాల మీద కప్పింది.

ఆయనను అందరూ ప్లేట్లన్న అనేవారు. అమీర్‌పేటలో మెట్రో స్తంభాల నుంచి లోపలికి తిరిగే సందులో, మూడంతస్తుల నిండా కంప్యూటరు కోర్సులు చెప్పే ఒక భవనం ఉంది. దాని మెట్ల కింద ఆయన కొట్టు. పాటలు మోగించే పాత యంత్రాలు బాగుచేయడం, సూదులు మార్చడం, పాత ప్లేట్లు కొనడం, అమ్మడం ఆయన పని. ఆ పక్కనే పెళ్లిళ్లకు కాగితం ప్లేట్లు, గ్లాసులు అమ్మే దుకాణం ఒకటుండేది. అక్కడికి పోవలసినవాళ్లు ఈయన పేరు విని ఇక్కడికి వచ్చేవాళ్లు. “అన్నా, ఐదొందల మందికి ప్లేట్లు కావాలె” అని హడావుడిగా అడిగితే ఈయన తల కూడా ఎత్తకుండా, “ఐదొందలు ఉన్నయి గాని తమ్మీ, గివి తినేటివి కావు, వినేటివి” అనేవాడు. ఆ జోకు నేనే కనీసం ఇరవైసార్లు విన్నాను. ప్రతిసారీ అప్పుడే పుట్టినట్టు చెప్పేవాడు.

నేను కాకినాడ మనిషిని. ఉద్యోగం పంజాగుట్టకు తీసుకొచ్చింది, కాపురం మధురానగర్‌లో పెట్టించింది. రిటైరైనా ఇక్కడే ఉండిపోయాను. ఈ ఊళ్లో ప్రతి మగవాణ్నీ అన్నా అనడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. మా ఇంట్లో అన్నయ్య ఒక్కడే. అందుకే ఈయనను అన్న అన్నాను గాని అన్నయ్య అని మాత్రం ఎప్పుడూ అనలేదు. మా అన్నయ్య సంగతి తరువాత చెబుతాను, అసలు గొడవంతా ఆయనతోనే.

ప్లేట్లన్నకు అన్ని పాటలూ ఇష్టమే. ప్రాణం మాత్రం ఒకే రకం మీద. అమెరికాలో నల్లవాళ్లు పాడిన సోల్ పాటలు, ఇటొక పాట అటొక పాట ఉండే చిన్న ప్లేట్లు. అవి ఈ ఊరికి ఎలా వచ్చాయో ఎవరికి తెలుసు? రైల్వే క్వార్టర్లలో ఉండి వెళ్లిపోయిన కుటుంబాలవి, విదేశాల్లో చదివొచ్చినవాళ్లవి, పాతసామాన్ల వాళ్ల దగ్గర తేలినవి. “సోల్ అంటే ఆత్మ అంట గదమ్మా. గిన్ని ఆత్మలను ఇంట్ల పెట్టకు అంటది మా ఆమె. అందుకే కొట్టుల పెట్టిన” అనేవాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకెలు, కంపెనీల పేర్లు పోల్చుకునేంతవరకే. ఒకసారి ఒక పాట పెట్టి, కళ్లు మూసుకొని, “పాపం గీ అక్క పెనిమిటి పోయినట్టున్నదమ్మా” అన్నాడు. నేను చెవి పెట్టి విన్నాను. ఆ పాటలో ఆవిడ ఎవడో తన కారు అడిగి తీసుకెళ్లి తిరిగివ్వలేదని తిడుతోంది. ఆ మాటే చెప్పాను. ఆయన ఏమాత్రం చలించలేదు. “మాటలది గది. గొంతుది వేరే. మాటలు ఎవడన్నా రాసిస్తడు, గొంతు ఎవడు రాసిస్తడు?” అన్నాడు. ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకూ అలాగే అనిపించింది. కారు కోసం ఎవరూ అంత ఏడవరు.

ఇక ఆయన ప్లేటును పరీక్ష చేసే తీరు చూడాలి. ముందు చేతులు కడుక్కొని, పాత ధోవతి ముక్కతో తడి లేకుండా తుడుచుకునేవాడు. ప్లేటును అంచులతో పట్టుకొని, చెవి దగ్గర పెట్టుకొని గోటితో ఒక్కటి కొట్టేవాడు. కుండలు కొనేటప్పుడు ఆడవాళ్లు కొట్టి చూస్తారే, అచ్చం అలాగే. “గీ కంపెనీది గాజు లెక్క మోగాలె. గిది రబ్బరు లెక్క డబ్బుమంటున్నది, సూడు” అనేవాడు. ఆ తరువాత మధ్యలో కాగితాన్ని బొటనవేలితో తడిమేవాడు. “దొంగోడు గీ కాగితాన్ని ఫొటో తీసి మల్ల అచ్చేస్తడు. అక్షరాలు నానబెట్టిన శనిగల లెక్క ఉబ్బుతయి.” నాకెప్పుడూ ఉబ్బినట్టు కనిపించలేదు. కనిపించిందని తలూపేదాన్ని.

ఆ తరువాత గట్టు. ఆయన పుట్టింది మెదక్ వైపు సేద్యం ఇంట్లో. ప్లేటు మీది సన్నని గీతలు ఆయనకు చాళ్లు, పాట చేను. పాట అయిపోయాక, మధ్య కాగితం మొదలయ్యేలోపు నున్నగా ఒక ఖాళీ వలయం ఉంటుంది. దానిని గట్టు అనేవాడు. పాటను ప్లేటు మీదికి దించిన పనివాడు ఆ గట్టు మీద సూదితో నాలుగు అంకెలు గీస్తాడట. వెలుగులో వాలుగా పట్టుకుంటేనే కనిపిస్తాయి. “గట్టు మీద ఎవని దస్తూరి ఉన్నదో వానిదే చేను” అనేవాడు. ఎప్పుడూ చూడని, ఏడు సముద్రాల అవతలి పనివాళ్ల చేతిరాతలు ఈయనకు చుట్టాల రాతల్లా తెలుసు. “గీయన ఎడమచేతి వాటమమ్మా. గీయనకు తొందరెక్కువ, సున్నా మూయడు. గీ పెద్దమనిషి సూడు, ఏడు అంకె నడుముకు పట్టీ కడతడు.” దొంగ ప్లేటు మీద అవే అంకెలు వేరే దస్తూరితో ఉంటాయి. యంత్రంతో పొడిచి ఉంటే ఇక చూడనక్కర్లేదు.

ఆయన లెక్కలో ప్లేట్లు మూడు రకాలు. అసలు, మారుమనువు, దొంగ. కొందరు కొనడానికి వచ్చి, కంపెనీవాళ్లు తామే పదేళ్ల తరువాత మళ్లీ అచ్చేసిన ప్లేటును చూసి పెదవి విరిచేవాళ్లు. అలాంటివాళ్ల మీద ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. “కొత్త కాగితమేసి, చెప్పి చేస్కున్నడు. మారుమనువుకు సిగ్గేంది? దొంగోడున్నడు సూడు, వాడు పక్కోని పెండ్లిపత్రిక పట్టుకొచ్చి గిదే నా పెండ్లి అంటడు.”

దొంగ ప్లేటని తేలితే ఆయన ఒక పని చేసేవాడు. మనిషి ముఖం వంక చూసి, “న పెట్టనా?” అని అడిగేవాడు. న అంటే నకలు. సరేనంటే బాల్‌పెన్నుతో ఆ అక్షరం రాసేసేవాడు, ఇంకెవరూ దాన్ని అసలని నమ్మి మోసపోకుండా. తనకొచ్చిన దొంగ ప్లేట్లన్నిటికీ తనే పెట్టుకునేవాడు. కొందరు వద్దని లాక్కొని పోయేవాళ్లు. “అంటే ఇంకోన్ని ముంచుదామని” అని వాళ్లు మెట్లు దాటకముందే అనేవాడు. వాళ్లకు వినబడాలనే అనేవాడు.

ఇక మా అన్నయ్య. మాటలు కోటలు దాటేవాళ్ల కాళ్లు గడప దాటవంటారు. మా అన్నయ్యకు కాళ్లు సముద్రాలే దాటాయి, మాటలు వాటికంటే ముందు పోయాయి. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. ఓడల్లో రేడియో ఆపరేటరు. సెలవుకు వస్తే వీధి అరుగంతా నిండిపోయేది. లారీ అంత చేపను చూశాననేవాడు, ఏదో దీవి రాజు తనతో చదరంగం ఆడి ఓడిపోయాడనేవాడు. మా నాన్నగారు “కోతలరాయుడు” అని లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

అన్ని కథల్లోకీ నాకు ఇష్టమైనది ఒకటుంది. అమెరికాలో ఏదో రేవులో ఓడ మరమ్మతుకు ఆగింది. అన్నయ్య ఊరు చూద్దామని నడిచివెళ్తుంటే, టై కట్టుకున్న ఒక నల్లాయన మొరాయించిన కారును ఒక్కడే తోసుకుంటున్నాడు. అన్నయ్య చెయ్యి వేశాడు. కారు కదిలాక ఆయన వెనక డిక్కీ తెరిస్తే నిండా ప్లేట్లే. ఆయనే పాడి, ఆయనే అచ్చేయించుకొని, ఊరూరా తిరిగి అమ్ముకుంటున్నాడు. నీలం కాగితం వేసిన ప్లేటు ఒకటి తీసి, “మీ అమ్మకు వినిపించు” అని అన్నయ్య చేతిలో పెట్టాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నేనొక్కదాన్నే నమ్మాను. నమ్మి బళ్లో చెప్పాను, “కోతలరాయుడి చెల్లెలు” అనిపించుకొని ఏడుస్తూ ఇంటికొచ్చాను.

మూడేళ్ల క్రితం అన్నయ్య, వదిన కాకినాడలోనే కొడుకు కొన్న ఫ్లాటులోకి మారారు. చోటు చాలక, అన్నయ్య తన ప్లేట్ల పెట్టెను నాకు పార్సిలు చేశాడు. “నీలం కాగితం దాన్ని మాత్రం జాగ్రత్త బుజ్జీ” అని రెండుసార్లు ఫోను చేశాడు. మా ఇంట్లో మూలపడ్డ పాత యంత్రానికి కొత్త సూది వేయించాలని నేను ఆటోలో పెట్టెతో సహా ప్లేట్లన్న కొట్టుకు వెళ్లాను. అంతకుముందు ఆయనను ఎరగను.

పెట్టె మూత తీయగానే ఆయన చెప్పులు విప్పేశాడు. డెబ్బై ప్లేట్లు చూడడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ నేను స్టూలు మీద కూర్చొని, పైనుంచి దిగే పిల్లల కాళ్లు చూస్తూ ఉన్నాను. నీలం ప్లేటును చివరికి ఉంచమని నేనే అన్నాను, దాని కథ కూడా చెప్పాను. ఆయన గోటితో కొట్టి, “గాజు మోత. బరాబర్” అన్నాడు. కాగితం తడిమి, “అచ్చు మంచిగున్నది” అన్నాడు. గట్టును దీపం కింద వాల్చి చాలాసేపు చూసి, “చేత్తోనే గీసిండు. నిమ్మళంగ గీసిండు” అన్నాడు. నాకు బళ్లో నవ్వినవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి అక్కడ నిలబెట్టాలనిపించింది.

తరువాత సూది పెట్టాడు. మగగొంతు, ఎవరినో గుమ్మం దగ్గర నిలబడి బతిమాలుతున్నట్టు ఉంది. రెండో చరణంలో ఆయన ఊపిరి తీసుకునేచోట ‘టక్’మని ఒక చప్పుడు. ప్లేట్లన్న సూది ఎత్తేశాడు. ఆ చోటును దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. గీత లేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ టక్. మూడుసార్లు విని, చేయి నెత్తిన పెట్టుకున్నాడు.

“చప్పుడున్నదంటే గీత కనబడాలెనమ్మా. గీత లేకుండ చప్పుడొచ్చిందంటే గా గీత వేరే ప్లేటుది. గా ప్లేటును మోగించి, దాని మీదికెల్లి దీన్ని కాపీ కొట్టిన్రు. పరీక్షల పక్కోని పేపరు చూసి తప్పులు సుత దించుకున్నట్టు.”

“మిగతావన్నీ బాగున్నాయన్నారు కదా?”

“మూడు సాక్ష్యాలు అవునంటున్నయి. చెవి కాదంటున్నది. నేను చెవి దిక్కే.” ఆయన నా వంక చూడలేదు. “గిది మీ అన్న ఓడ దిగినంక ఎన్నో ఏండ్లకు ఎవడో కొట్టింది. గా సింగరు చేతికెల్లి వచ్చింది కాదమ్మా. న పెట్టనా?”

“పెట్టండి” అన్నాను. ఆ మాట ఆయన కాదు, నేనన్నాను. యాభై ఏళ్ల నాటి బడి ఉక్రోషం అంతా ఆ ఒక్క మాటలో కక్కేశాను.

అంతటితో ఊరుకున్నానా? ఇంటికెళ్లగానే ఫోను తీశాను. “అన్నయ్యా, నీ కారు తోసిన కథ పట్టుబడిపోయింది. అది దొంగ ప్లేటట. ఇన్నేళ్లూ భలే నమ్మించావు!” అని నవ్వాను. ఆయన కూడా నవ్వి ఇంకో కోత కోస్తాడనుకున్నాను.

“అలాగా” అన్నాడు. “అయితే ఎక్కడో కొనుంటానులే.”

ఆ తరువాత అన్నయ్య ఫోనులో బీపీ గురించి, ఎండల గురించి తప్ప మాట్లాడలేదు. ఒకరోజు వదిన చేసింది. “మీ అన్నయ్యకు ఏమైందో తెలియడం లేదమ్మా. మనవడు కథ చెప్పమంటే టీవీ చూసుకోరా అంటున్నారు. ఏం అడిగినా నాకేం గుర్తులేదు అంటున్నారు” అంది. ఆయన కోతలు కోసినంతకాలం విసుక్కున్నాం. మానేస్తే ఆయనలో ఇంకేం మిగలదని ఎవరం అనుకోలేదు.

తప్పు నాది కనుక కోపం ప్లేట్లన్న మీదికి పోయింది. మనుషులం కదా. సూది అరిగిందన్న వంకతో వెళ్లి, “మీ న పుణ్యమా అని మా అన్నయ్య నోరు మూతబడిపోయింది” అన్నాను.

“నేను చెప్పింది ప్లేటు సంగతమ్మా. మనిషి సంగతి కాదు.”

“మా ఇంట్లో ఆ రెండూ ఒకటేనన్నా.”

ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నేనే సూది కూడా తీసుకోకుండా వచ్చేశాను, కొన్ని నెలలు ఆ సందు వైపు పోలేదు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే ప్లేట్లన్న. ఇస్త్రీ చొక్కా, చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కాడు. నా చిరునామా మొదటిరోజు బిల్లు మీద రాసుకున్నదట. గిరాకీ ఇళ్లకు పోయే అలవాటు ఆయనకు లేదు, అది నాకు తెలుసు. మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకొని నిలబడే ఉన్నాడు.

“తప్పు చేసినమ్మా” అన్నాడు.

నేను వచ్చేసిన మర్నాటి నుంచి ఆయన వచ్చిన ప్రతివాణ్నీ ఆ నీలం ప్లేటు గురించి అడుగుతూ ఉన్నాడట. చివరికి అలాంటిదే ఇంకొకటి బంజారా హిల్స్‌లో ఒక డాక్టరు దగ్గర ఉందని తెలిసింది. ఆ డాక్టరు అమెరికాలో చదువుకునే రోజుల్లో ఆ గాయకుడి కూతురి దగ్గరే, వాళ్లింట్లోనే కొనుక్కున్నాడు. ఇక దానికి వంక లేదు. ప్లేట్లన్న వాళ్లింటికి వెళ్లి, కూర్చొని విన్నాడు.

“రెండో చరణంల, ఊపిరి తీస్కునే కాడ, టక్. గదే చప్పుడు, గదే జాగల. గీత లేదు. గట్టు మీద దస్తూరి సుత గదే.” ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. “పాపం గాయనకు టేపు పాడైనట్టున్నది. మొదలు తీసిన ఒక్క ప్లేటు మీదికెల్లే అన్నీ అచ్చేయించుకున్నడు. గా మొదటిదానికి గీత పడ్డది, ఇగ పుట్టినవాటన్నిటికీ వచ్చింది. నేను గాయమనుకున్ననమ్మా. అది పుట్టుమచ్చ.”

అంటే ఆ ప్లేటు ఆ మనిషి కారులోంచే వచ్చింది. అంటే కారుంది, టై ఉంది, మా అమ్మకు వినిపించమన్న మాటా ఉంది.

“ప్లేటు తెస్తవా?” అన్నాడు. తెచ్చి ఇచ్చాను. తను రాసిన అక్షరం వంక చూసుకొని చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. కొట్టేస్తాడనుకున్నాను. కొట్టేయలేదు. న మీద గుడి పెట్టాడు, నాలుకను పంటికింద పెట్టుకొని పక్కన జం రాశాడు. ని, జం. ఎంతసేపటి నుంచి ఆలోచించుకొని వచ్చాడో గాని, రాసి ముగించాక చిన్నపిల్లాడిలా నా ముఖం వంక చూశాడు.

“మీ అన్నకు ఫోన్ కొట్టమ్మా.”

“నేను చెబుతాలెండి అన్నా. మీరు కూర్చోండి ముందు.”

“రాసింది నేను. నేనే చెప్పాలె.”

స్పీకరు పెట్టాను. ఆయన ఫోను ముందు చేతులు కట్టుకొని, ఎదురుగా మనిషి ఉన్నట్టే నిలబడి చెప్పాడు. గాయం, పుట్టుమచ్చ, డాక్టరు ఇల్లు, అన్నీ. “నా చెవి మీద నాకు మస్తు గీర ఉండె అన్నా. మూడు సాక్ష్యాలు చెప్పినా ఇనలె. మాఫ్ చెయ్యాలె” అన్నాడు. మా అన్నయ్యకు తెలంగాణ మాట అర్థం కాలేదేమోనని నేను ఫోను అందుకున్నాను.

“అన్నయ్యా, వింటున్నావా? అది అసలుదేనట. నువ్వు చెప్పింది నిజమేనట.”

“నిజమేనా బుజ్జీ?” అన్నాడు. “నాకే అనుమానం వచ్చేసిందే. నేనే కల్పించుకొని, చెప్పీ చెప్పీ నిజమనుకున్నానేమో అనిపించింది. నువ్వు ఫోను చేసిన రోజు నుంచి ఆ మనిషి ముఖం గుర్తు చేసుకుందామంటే రావడం లేదు.”

ఒక్క నవ్వు నవ్వి, ఒక మనిషి దగ్గర ఒక ముఖం లాగేసుకున్నాను.

ప్లేట్లన్న ఫోను మీదికి వంగాడు. “కారు ఏ రంగుదన్నా?” అన్నాడు.

“ఆఁ?”

“గాయన కారు. నువ్వు తోసినవ్ గద, ఏ రంగు?”

“ఆకుపచ్చ” అన్నాడు అన్నయ్య. “ఒకవైపు తలుపు మాత్రం తెల్లగా ఉండేది, మార్పించినట్టున్నారు…” ఆ తలుపు సంగతి మేమెవరం ఎప్పుడూ వినలేదు. ప్లేట్లన్న అప్పుడు కూర్చున్నాడు. గంట తరువాత కూడా అన్నయ్య ఆ కారును తోస్తూనే ఉన్నాడు. నేను వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పుకొని ఏడ్చాను.

అప్పటి నుంచి రెండేళ్లపాటు వాళ్లిద్దరికీ ఆదివారాలు నా ఫోనే ఆధారం. ప్లేట్లన్న ఫోను ఉంచుకునేవాడు కాదు, పాట మధ్యలో మోగుతుందని. నేను పొద్దున్నే కొట్టుకు వెళ్లి స్టూలు మీద పెట్టేదాన్ని. అన్నయ్య కథ చెప్పేవాడు, ఈయన తీర్పు చెప్పేవాడు. “గిది మారుమనువు అన్నా. పోయినసారి చేప లారీ అంత ఉండె, గీసారి రైలు డబ్బంతైంది.” ఒకసారి దీవి రాజు చదరంగం విని, “న పెడుతున్న” అన్నాడు. అన్నయ్య పడీపడీ నవ్వాడు. మనవడికి మళ్లీ కథలు మొదలయ్యాయని వదిన చెప్పింది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

నాలుగు నెలల క్రితం వెళ్తే షట్టరు దించి ఉంది. “ప్లేట్లన్న పోయిండు గదమ్మా. నిద్రల్నే” అన్నాడు ఎదురుగా చాయ్ పోసే ఆయన. అప్పటికే నాలుగు రోజులైంది. యూసుఫ్‌గూడలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. “ఇంట్ల ఒక్క పాట పెట్టనియ్యలేదమ్మా నేను. కొట్టుల విన్నది చాలదా అంటుంటి” అంది ఆయన భార్య.

అన్నయ్యకు చెప్పలేకపోయాను. ఎనభై ఏళ్లకు దగ్గరైనవాడు, వారమంతా ఆదివారం కథ అల్లుకుంటూ ఉంటాడని వదిన అంటుంది. మొదటి ఆదివారం “ఊళ్లో పెళ్లికి వెళ్లారు” అన్నాను. రెండో వారం మోకాళ్లనొప్పి తెప్పించాను. ఆ తరువాత కొట్టుకు రంగులు వేయించాను, ఆయనను కొన్నాళ్లు మెదక్‌లో మేనల్లుడి ఇంట్లో ఉంచాను. అన్నయ్య అన్నీ విని, “సరే, అడిగానని చెప్పు” అనేవాడు.

పోయిన ఆదివారం, అదే హోటలు నుంచి వచ్చిన మర్నాడు, అన్నయ్య మళ్లీ ఫోను చేశాడు. “ఏమంటున్నాడే మా పెద్దమనిషి?” అన్నాడు. “బాగానే ఉన్నారన్నయ్యా. మంచి ప్లేటు ఒకటి దొరికిందట, దాని పనిలో పడి తల ఎత్తడం లేదు. నీ కథ బాకీ ఉందని చెప్పమన్నారు” అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాననుకున్నాను.

వాళ్లింట్లో టీవీ వినిపిస్తోంది.

“నీకు కోతలు కోయడం రాదే బుజ్జీ” అన్నాడు అన్నయ్య. చిన్నగా అడిగాడు.

“ఎప్పుడు పోయాడు?”